మారెంగో ఆటలో లేని ఎత్తు

ఈ పత్రికలో విమర్శ అంటే ఇంతవరకూ పుస్తకాల మీదా, సినిమాల మీదా, అప్పుడప్పుడూ ఉగాదికి మన పిల్లలు వేసిన నాటకాల మీదా వచ్చింది. ఈసారి మేము ఒక అట్టపెట్టెలో వచ్చే ఆట మీద రాస్తున్నాం. ఆటకు విమర్శ ఏమిటి, ఆడుకుంటే సరిపోదా అని మిత్రులు కొందరు నవ్వవచ్చు. కథ చెప్పే వస్తువు ఏదైనా విమర్శకు నిలబడవలసిందేనని మా నమ్మకం. ఈ ఆట ఒక కథ చెబుతుంది. చుట్టూ దారులు మూసుకుపోయిన ఒక సైన్యం, ఒక వేసవి ఉదయాన వంతెన దాటి, ఎదురుగా ఉన్న శత్రువును చీల్చుకుని ఇంటిదారి పట్టాలని చూస్తుంది. అభిమన్యుడి కథ విని పెరిగినవాళ్ళం మనం. ఇటువంటి కథ ఎవరు చెప్పినా మన చెవి అటు తిరుగుతుంది.

ఆట పేరు ‘బోనపార్ట్ ఎట్ మారెంగో’. రూపొందించినవారు రేచెల్ సిమన్స్. 2005లో సిమన్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ ద్వారా ఇక్కడే, అమెరికాలో వెలువడింది. ఈ దేశంలో యుద్ధాల ఆటలకు పెద్ద చరిత్రే ఉంది. 1954లో మేరీల్యాండులో చార్లెస్ రాబర్ట్స్ అనే ఆయన ‘టాక్టిక్స్’ అనే ఆటను సొంతంగా అచ్చువేసి పోస్టులో అమ్మాడు. తరువాత ఆయనే బాల్టిమోర్‌లో అవలాన్ హిల్ కంపెనీ పెట్టాడు. 1969 నుంచి న్యూయార్కులో జేమ్స్ డనిగన్ బృందం ఎస్.పి.ఐ. పేరుతో ఇటువంటి ఆటలు వందల కొద్దీ తెచ్చింది. తేనెపట్టు గళ్ళలాంటి ఆరు మూలల గళ్ళ పటం, వేలిగోరంత అట్టముక్కలు, ఒక పాచిక, గెలుపోటముల పట్టిక. వాళ్ళ పద్ధతి అది. మారెంగో యుద్ధం మీద కూడా 1975లో వాళ్ళు ఒక ఆట తెచ్చారు. ‘నెపోలియన్ ఎట్ వార్’ అనే పెట్టెలో నాలుగు యుద్ధాలుంటే అందులో ఇది ఒకటి. ఆ ఆటలో ఒకసారి శత్రువు పక్కన చేరారా, ఇక ఆ గడి వదిలి కదలడానికి వీల్లేదు. పోరాడి తీరాలి. పాచిక ఎలా పడితే అలా తలరాత.

సిమన్స్ ఆటలో పాచిక లేదు. పట్టిక లేదు. ఉన్నవి పొడుగాటి సన్నని చెక్కముక్కలు. ఎరుపువి ఆస్ట్రియనులవి, నీలంవి ఫ్రెంచివారివి. పాత యుద్ధాల పుస్తకాల్లో సైన్యం మోహరించిన తీరును రంగు గీతలతో చూపించే పటాలు పాఠకులు చూసే ఉంటారు. ఈ ఆటను బల్ల మీద పరిస్తే సరిగ్గా అటువంటి పటం ప్రాణం పోసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ప్రతి ముక్కకూ ఒకవైపు మాత్రమే అది పదాతిదళమో, ఆశ్వికదళమో, ఫిరంగులో, దాని బలం ఎంతో గుర్తు ఉంటుంది. ఆ వైపు మన ముఖానికి, ఖాళీ వైపు శత్రువు ముఖానికి. ఎదుటివాడి దగ్గర ఎన్ని ముక్కలున్నాయో కనిపిస్తుంది గాని, అవి గట్టివో డొల్లవో తెలియదు.

ఆట గుణదోషాలు చెప్పేముందు అసలు జరిగింది ఏమిటో చెప్పాలి. కథ తెలియకపోతే విమర్శ తలకెక్కదు.

1800వ సంవత్సరం వసంతంలో ఉత్తర ఇటలీ చాలావరకు ఆస్ట్రియన్ సైన్యం చేతిలో ఉంది. వాళ్ళ సేనాపతి మెలాస్, వయస్సు 71 ఏళ్ళు. ఫ్రెంచి సేనాని మస్సేనాను జెనోవా రేవులో దిగ్బంధం చేసి, తిండి దొరక్కుండా మాడుస్తున్నారు. మే నెలలో నెపోలియన్ కొత్త సైన్యంతో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీదుగా ఆల్ప్స్ దాటాడు. జెనోవా సంగతి పక్కనపెట్టి, జూన్ 2న మిలాన్ నగరంలో ప్రవేశించి, మెలాస్‌కు స్వదేశంతో ఉన్న దారి తెగగొట్టాడు. ముట్టడించినవాళ్ళే ముట్టడిలో పడ్డారు. మెలాస్ అలెస్సాండ్రియా కోట దగ్గర దళాలను పోగుచేశాడు. తూర్పున బోర్మిడా నది, దాని మీద వంతెన, అవతల మారెంగో అనే పల్లె, ఆ పైన చదునైన మైదానం. జూన్ 14న ఉదయం ఆ వంతెన దాటి శత్రువు మీద పడ్డాడు. ఆయన బలం సుమారు 31,000. ఎదుట 28,000.

నెపోలియన్ ఆ పోటును ఊహించలేదు. ఆస్ట్రియనులు ఏదో ఒక పక్కకు జారుకుంటారని లెక్కవేసి, వాళ్ళను అడ్డుకోవడానికి దళాలను నలువైపులా పంపివేశాడు. దెసే అనే సేనానిని దక్షిణానికి తోలాడు. దాంతో మధ్యాహ్నానికల్లా ఫ్రెంచివారు మారెంగో వదిలి వెనక్కి తగ్గారు. స్వల్పంగా గాయపడి అలసిపోయిన మెలాస్, గెలిచామనుకుని, తరుముడు పని తన ముఖ్య సలహాదారు జాఖ్‌కు అప్పగించి కోటకు తిరిగిపోయాడు. సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో దెసే దళాలు వెనక్కి వచ్చి చేరాయి. మార్మోన్ ఫిరంగులు పేలాయి. కెల్లర్మాన్ ఆశ్వికులు పక్కనుంచి దూకారు. జాఖ్ పట్టుబడ్డాడు. ఆస్ట్రియన్ పంక్తి తలకిందులై, పొద్దున దాటిన వంతెన వైపే పరుగెత్తింది. దెసే ఆ ఎదురుదాడిలోనే చనిపోయాడు. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి ఆస్ట్రియనుల నష్టం 9,000 పైన. ఫ్రెంచివారిది అయిదువేల పైచిలుకు.

ఇప్పుడు ఆట. దీని మొదటి గొప్పతనం, చిక్కుపడటం అంటే ఏమిటో చేతులతో తెలియజెప్పడం. ఆస్ట్రియన్ పక్షం ఆడేవాడికి కావలసినంత బలం ఉంది. శత్రువు చెల్లాచెదురుగా, నిద్రమత్తులో ఉన్నాడు. అయినా మొదటి గంటలు ప్రాణం తీస్తాయి. అంత సైన్యమూ ఒక్క వంతెన మీదుగా నడవాలి. గంటకు ఇన్ని ముక్కలే దాటాలన్న లెక్క ఉంది. దారిని వదిలి కదిపే గుంపులు వంతుకు మూడే. ముందు ఆశ్వికదళాన్ని పంపాలా, ఫిరంగులను పంపాలా? ముందు వెళ్ళినవాడు అవతలి ఒడ్డున చోటు చేయకపోతే వెనకవాడు వంతెన మీదే నిలబడాలి. శౌర్యం గురించి ఎవరూ అడగరు. దారి ఇరుకు అన్నదే సమస్య.

భారతం చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. పద్మవ్యూహంలో అభిమన్యుడికి జరిగింది కూడా ఇదే గదా. లోపలికి దారి చేసిన కుర్రవాడి పరాక్రమానికి లోటు లేదు. వెనక రావలసిన పాండవులను సైంధవుడు ద్వారం దగ్గరే ఆపేశాడు. తలుపు దగ్గర నిలిచిన ఒక్కడు లోపల పోరాడే వీరుడి గతి తేల్చాడు. మనం హరికథల్లో అభిమన్యుడి అస్త్రాలను వర్ణించినంత సేపు ఆ ద్వారం సంగతి వర్ణించం. ఈ ఆట ద్వారం సంగతే చెబుతుంది.

రెండో గొప్పతనం, వెనక్కి తగ్గడాన్ని ఇది సిగ్గుపడవలసిన పనిగా చూడకపోవడం. ఫ్రెంచి పక్షం ఆడేవాడికి పొద్దుటినుంచి ఒకటే పని, కాలయాపన. ఒక పల్లె దగ్గర ఆగి, శత్రువు పోగయ్యేలోగా వదిలి, తరువాతి వాగు దగ్గర ఆగాలి. మొండిగా నిలబడితే ముక్కలు పోతాయి, సైన్యం మనోస్థైర్యానికి వేసిన లెక్క తగ్గుతుంది. ఆ లెక్క అయిపోతే ఆట పోయినట్టే. మరీ తొందరగా తగ్గితే దెసే వచ్చేసరికి కాపాడటానికి మైదానమే మిగలదు. ఎంత తగ్గాలి, ఎప్పుడు తగ్గాలి అన్న లెక్కలోనే ఫ్రెంచి ఆటగాడి చాతుర్యమంతా ఉంది. పాచిక లేదు కాబట్టి ఓడినవాడు విధిని తిట్టుకునే వీలు కూడా లేదు.

ఇక్కడ మన పులిజూదం గుర్తుకు రాక తప్పదు. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ళ మంటపాల్లో బండల మీద చెక్కిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. బొగ్గుముక్కతో అరుగు మీద గీసుకుని, చింతగింజలూ గులకరాళ్ళూ పెట్టి ఆడినవాళ్ళు మన పాఠకుల్లో ఎందరో ఉంటారు. అందులోనూ పాచిక లేదు. రెండు పక్షాల బలం సమానం కాదు, లక్ష్యమూ ఒకటి కాదు. పులి తినాలి, మేక కట్టెయ్యాలి. పులి చుట్టూ గీతలన్నీ మూసుకుపోతే, ఎంత పులి అయినా రాయిలా కూర్చోవలసిందే. మారెంగో ఆటలో ఆస్ట్రియన్ పక్షం ఆడుతున్నంతసేపూ మాకు పులి పక్షం ఆడుతున్నట్టే ఉంటుంది. యుద్ధ వ్యూహం నేర్పే ఆటలన్నీ పడమటినుంచి వచ్చాయని అనుకునే పిల్లలకు చెప్పవలసిన మాట ఇది. రైస్‌విట్జ్ అనే ప్రష్యను అధికారి 1824లో తన సైన్యానికి యుద్ధ క్రీడ నేర్పినా, అంతకు చాలా శతాబ్దాల ముందే మన చతురంగంలో రథ గజ తురగ పదాతులు బల్ల మీద నడిచాయి.

ఇంత మెచ్చుకున్నాక దోషాలు చెప్పాలి. చిన్నవి రెండు.

ముక్కల మీద పేర్లు లేవు. దెసే అన్న మనిషి ఆటలో లేడు. సాయంత్రం పటం అంచున కొన్ని నీలం చెక్కలు వస్తాయి, అంతే. అందులో ఏది పోయినా మరో చెక్క పోయినట్టే. అందంకోసం ఎంచుకున్న ఈ నిరాడంబరత మంచిదే గాని, రక్తం తడి పూర్తిగా ఆరిపోయింది. గాయపడినవాళ్ళు ఏ మూలా కనిపించరు. ఆ రోజు సాయంత్రం ఆ మైదానం మీద వేలమంది మూలుగుతూ పడి ఉన్నారన్న సంగతి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తమకు తామే గుర్తు చేసుకోవాలి. పిల్లలతో ఆడితే పెద్దవాళ్ళు ఆ మాట పైకి చెప్పాలి.

రెండోది ఆట పేరు. చిక్కుపడ్డ సైన్యం మెలాస్‌ది, మొదటి అడుగు ఆయనది, పొద్దంతా సాగిన ముందంజ ఆయనది. పెట్టె మీద పేరు మాత్రం బోనపార్ట్‌ది. గెలిచినవాడు కథను తన పేరున రాయించుకోవడం కొత్త కాదు. నెపోలియన్ ఈ యుద్ధ వృత్తాంతాన్ని తన అధికారుల చేత ఆ తరువాతి ఏళ్ళలో ఒకటికి రెండుసార్లు తిరగరాయించాడు. మధ్యాహ్నం జరిగిన వెనుకంజ అంతా ముందే వేసిన పథకంలా కనిపించేదాకా ఊరుకోలేదు.

ఇక పెద్ద దోషం. ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే.

ఆటలో ఆస్ట్రియను గెలవాలంటే రెండే మార్గాలు. ఫ్రెంచి సైన్యం గుండె చెదరగొట్టాలి, లేదా పొద్దుపోయేలోగా పటం తూర్పు వైపున గుర్తువేసిన చోట్లకు తన దళాలను చేర్చాలి. రెండూ జరగకపోతే ఓటమి. బయటపడే ప్రయత్నం విఫలమైంది, ముక్కలు పెట్టెలో సర్దెయ్యండి. చరిత్రలో మాత్రం అక్కడ కథ ముగియలేదు. ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి ఆస్ట్రియన్ శిబిరం నుంచి రాయబారం వెళ్ళింది. జూన్ 15న అలెస్సాండ్రియా ఒప్పందం కుదిరింది. ఫ్రెంచివారి తరఫున బెర్తియే సంతకం చేశాడు. మెలాస్ పీడ్‌మాంట్ కోటలు వదిలాడు, మిలాన్ కోట వదిలాడు, పదకొండు రోజుల కింద చేతికి వచ్చిన జెనోవా కూడా వదిలాడు. అందుకు బదులు ఆయన సైన్యం ఆయుధాలతో సహా, ఏ వంతెన దగ్గరా ఎవరూ అడ్డుపడకుండా, మించియో నది అవతలకు నడిచిపోయింది.

పాఠకులు ఈ సంగతిని ఒక్కసారి ఆగి ఆలోచించాలి. జూన్ 14న 31,000 మంది కత్తులతో సాధించలేని పని, మరునాడు ఒక కాగితం సాధించింది. సైన్యం బయటపడింది. మూల్యం భారీగానే చెల్లించారు. వియన్నాలో మెలాస్‌ను మెచ్చుకున్నవాళ్ళు తక్కువే. ఆ యుద్ధం చివరికి ఆస్ట్రియా ఓడిపోయింది కూడా. 1801 ఫిబ్రవరిలో లూనెవిల్ సంధితో తేలిపోయింది. అయినా ఆ జూన్ నెలలో వేలమంది సిపాయిలు తమ కాళ్ళ మీద తాము నడిచి వెళ్ళారు. ఆటలో ఈ ఎత్తు లేదు. వేసే చోటే లేదు.

విచిత్రమేమంటే ఇదే దండయాత్రలో ఇలా బయటపడిన సైన్యాలు రెండు. జెనోవాలో తిండిలేక మాడుతున్న మస్సేనా కూడా జూన్ 4న ఒప్పందం మీదే బయటికి వచ్చాడు. ఆ కాగితంలో లొంగుబాటు అన్న పదం ఉండకూడదని పట్టుబట్టాడని చెబుతారు. ఆయన దళాలు ఆయుధాలతోనే ఊరు దాటాయి. ఆ ముట్టడిలో ఆకలితో చచ్చిన ఊరి జనానికి ఏ పదం పెట్టినా ఒకటే, అది వేరే సంగతి. చిక్కుపడ్డ సైన్యాలు రెండు, విడిపించినవి రెండు కాగితాలు. ఆ దండయాత్ర మీద వచ్చిన ఆటలో మాత్రం కాగితానికి చోటు లేదు. ఇది ఒక్క సిమన్స్ లోపమని కూడా అనలేం. 1975 నాటి ఎస్.పి.ఐ. ఆటలోనూ లేదు. ఈ జాతి ఆటలన్నీ సాయంత్రం తుపాకి చప్పుడు ఆగగానే లెక్క కట్టేస్తాయి.

దీన్ని ఆటల లోపమని మాత్రమే అనుకుంటే మనం ఇంత పట్టించుకోనక్కరలేదు. మన కథల లెక్క కూడా ఇలాగే ఉంది.

నెపోలియన్ పుట్టడానికి పన్నెండేళ్ళ ముందు, అదే ఫ్రెంచి జాతి సేనాని ఒకడు మన గడ్డ మీద ఒక కోటను చుట్టుముట్టాడు. 1757 జనవరి 24. బొబ్బిలి. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు బలగం బయట. రంగారాయుడు, ఆయన వెలమ వీరులు లోపల. కోట నిలవదని తేలినప్పుడు ఆడవారినీ పిల్లలనూ తమ చేతులతోనే తుదముట్టించి, చివరి మనిషి దాకా పోరాడి నేలకూలారు. తాండ్ర పాపారాయుడు ఆ తరువాత విజయరామరాజు గుడారంలోకి దూరి పగ తీర్చుకున్నాడు. జంగం కథగా, బుర్రకథగా, 1964లో రామారావు రంగారాయుడిగా నటించిన సినిమాగా ఈ కథ మనకు కంఠతా వచ్చు. విన్న ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. గగుర్పొడవాలి కూడా. ఆ వీరులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

కాని ఆ కాలపు చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ ఒక సంగతి నమోదు చేశాడు. దాడికి ముందు బుస్సీ షరతులు పంపాడు. తాతతండ్రుల నాటి బొబ్బిలిని వదిలితే, జరిగినదంతా మరిచి, మరో చోట అంతకు సరిపడా భూమి ఇస్తానన్నాడు. రంగారాయుడు దాన్ని అవమానంగా భావించి తోసిపుచ్చాడు. ఈ ఘట్టం చదివేటప్పుడు మనబోటివాళ్ళం కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదులుతాం. తాతతండ్రుల నేల వదిలి మరో చోట అంతకు మించిన జీవితం తీసుకోమన్న షరతు మనకూ వచ్చింది. ఫిరంగులేవీ గురిపెట్టకుండానే వచ్చింది. మనం సంతకం చేశాం. చేసి, వీసా కాగితాలు పట్టుకుని విమానమెక్కాం. అందులో తప్పేమీ లేదని మేము మనస్ఫూర్తిగా నమ్ముతాం. అయితే అలా సంతకం చేసి బతుకుతున్న మనం, మన పిల్లలకు శనివారం తెలుగు బడిలో చెప్పే కథలన్నీ సంతకం చేయనన్నవాళ్ళ కథలే. అభిమన్యుడు, బాలచంద్రుడు, రంగారాయుడు. చిక్కుపడ్డవాడు చీల్చుకుని పోవాలి, లేదా అక్కడే కూలాలి. మూడో దారి తొక్కినవాడికి మన కథల్లో పేరు లేదు.

లేదనడం కూడా సరికాదు. ఉంది గాని, మనం ఆ పేజీ తొందరగా తిప్పేస్తాం. జరాసంధుడు మధుర మీదికి మళ్ళీ మళ్ళీ దండెత్తి వస్తే, ఒకవైపు కాలయవనుడు కూడా వచ్చిపడితే, శ్రీకృష్ణుడు ఏం చేశాడు? ఊరు ఊరంతా ద్వారకకు తరలించాడు. సముద్రం మధ్య కొత్త పట్టణం కట్టించి, జనాన్ని అక్కడ దించి, తాను నిరాయుధుడై కాలయవనుడి ముందు పరుగెత్తాడు. గుజరాతీ మిత్రులు ఆయనను రణఛోడ్ అని, అంటే రణం వదిలినవాడని, గుడి కట్టి కొలుస్తారు. భాగవతం మనదని చెప్పుకునే తెలుగువాళ్ళం ఆ పేరు పిల్లలకు పెట్టుకున్నట్టు మాకు కనిపించలేదు.

ఇదంతా వైద్యుల పత్రిక కాదు గాని, మా వృత్తి నుంచి ఒక్క మాట చెప్పక తప్పదు. ఈ దేశంలో జబ్బును గురించి మాట్లాడే భాష చాలావరకు యుద్ధభాషే. రోగి యోధుడు. జబ్బు శత్రువు. పోయినవాళ్ళ గురించి పేపర్లో వేసే నాలుగు వాక్యాల్లో కూడా కాన్సరుతో చేసిన పోరాటంలో ఓడిపోయారని రాస్తారు. మన కుటుంబాల్లో ఈ భాషకు మన వీరగాథలు కూడా తోడవుతాయి. ఐ.సి.యు. బయట కూర్చున్న కొడుకులూ కూతుళ్ళూ, ఇండియా నుంచి ఫోన్లో మేనమామలూ బాబాయిలూ, అందరూ ఒకటే మాట: ఏదీ వదలకండి డాక్టరుగారూ, చివరిదాకా చెయ్యండి. అది ప్రేమతో అన్న మాట, అందులో మాకు సందేహం లేదు. కాని కొన్ని జబ్బులు కోట గోడ దాటి లోపలికి వచ్చాక, ఇక మిగిలేది షరతులు మాట్లాడటమే. నొప్పి లేకుండా, గొట్టాలు లేకుండా, ఇంట్లో, మనవల గొంతు వినబడేంత దూరంలో మిగిలిన రోజులు ఇప్పించమని అడగడం. హాస్పీస్ కాగితం మీద సంతకం పెట్టే కొడుకు తాను తండ్రిని ఓడించానని కుమిలిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. అతను మెలాస్ చేసిన పనే చేస్తున్నాడు. ఓడిన రోజు మరునాడు, కాపాడగలిగింది కాపాడుతున్నాడు. అతనికి తోడు నిలిచే కథ ఒక్కటి కూడా మనం అతనికి చిన్నప్పుడు చెప్పలేదు.

సరే, మళ్ళీ ఆట దగ్గరికి వద్దాం. లోపం ఎత్తి చూపి ఊరుకోవడం విమర్శకుడికి తేలిక. సరిచేయడానికి వీలుందా అని కూడా చూడాలి. మా మిడ్‌వెస్ట్ చలికాలం పొడుగు. మంచు పడి దారులు మూసుకుపోయిన వారాంతాల్లో మేము నలుగురు మిత్రులం బేస్‌మెంట్‌లో కూర్చుని ఒక అదనపు నియమం పెట్టి ఆడి చూశాం. ఏ గంట చివరనైనా ఆస్ట్రియన్ ఆటగాడు కాగితం మీద షరతులు రాసి ఇవ్వవచ్చు. ఎదుటివాడు ఒప్పుకుంటే ఆట ఆగుతుంది. ప్రాణాలతో మిగిలిన ముక్కలకు ఆస్ట్రియనుకు మార్కులు, వదిలిన భూమికి ఫ్రెంచివాడికి మార్కులు. ఒప్పుకోకపోతే ఆట సాగుతుంది. కాని తోసిపుచ్చిన తరువాత ఫ్రెంచివాడికి తగిలే ప్రతి దెబ్బా రెండింతలుగా లెక్క.

మొదటిసారి అభాసుపాలైంది. ఆస్ట్రియన్ పక్షం తీసుకున్న మిత్రుడు వృత్తిరీత్యా అకౌంటెంటు. వంతెన దాటకముందే షరతులు రాసి ఇచ్చి కాఫీకి లేచాడు. అందుకని మధ్యాహ్నం పన్నెండు దాటేవరకు కాగితం చెల్లదని సవరించాం. ఆ తరువాత ఆట నిజంగా మారింది. ఆస్ట్రియన్ ఆటగాడు చివరి గంటల్లో అలసిన దళాలను గుడ్డిగా ముందుకు తోయడం మానేశాడు. చేతిలో కొంత బలం ఉంటేనే కాగితానికి విలువ ఉంటుందని గ్రహించాడు. అన్నీ పోగొట్టుకున్నవాడితో ఎవరూ ఒప్పందం చేసుకోరు. ఫ్రెంచి ఆటగాడికి ఇంకా కష్టం వచ్చింది. గెలుపు కనిపిస్తున్నవాడు ఎక్కడ ఆగాలి? ఎదుటివాడికి ఎంత దారి వదలాలి? ఈ ప్రశ్న పాత నియమాల్లో అతనికి ఎదురే కాలేదు. ఒకనాటి ఆటలో మా మిత్రుడొకరు షరతులు చింపేసి, ఇంకో గంటలో పూర్తిగా ముగిస్తానని పందెం వేసి, ఆ గంటలోనే చేతిలో ఉన్న ఆట పోగొట్టుకున్నారు.

ఈ నియమం పెట్టాక ఆట పదును కొంత తగ్గిందన్నది నిజమే. సిమన్స్ రూపకల్పనలో ఉన్న తర్కం గడియారంలా బిగువైనది, మా అతుకు దాని మీద అతుకులాగే కనిపిస్తుంది. మొదటి రెండు మూడుసార్లు అసలు నియమాలతోనే ఆడమని మా సలహా. వంతెన ఇరుకు, వెనక్కి తగ్గే లెక్క, ఎదుటివాడి ముఖం చూసి చెక్క వెనక ఏముందో ఊహించడం, ఇవన్నీ కల్తీ లేకుండా రుచి చూడవలసినవి. ఒక ఆటకు రెండు మూడు గంటలు పడుతుంది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు నియమాలు అర్థమవుతాయి. పాచిక లేదు కాబట్టి తండ్రిని ఓడించిన కూతురు అదృష్టం వల్ల గెలిచిందని ఎవరూ అనలేరు. ఆ ఒక్క కారణానికైనా కొనదగిన ఆట.

ఆట ముగిశాక మాత్రం ముక్కలు వెంటనే పెట్టెలో సర్దనివ్వకండి. మెలాస్ ఆ రాత్రి కోటలో ఏం చేశాడో, పొద్దున ఎవరిని రాయబారం పంపాడో పిల్లలకు చెప్పండి. ఆ పక్కనే బొబ్బిలి కథ కూడా పూర్తిగా చెప్పండి. రంగారాయుడి పౌరుషంతో పాటు ఆయనకు వచ్చిన షరతుల సంగతీ చెప్పండి. మీరైతే ఏం చేసేవాళ్ళని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు పెద్దవాళ్ళకు నచ్చకపోవచ్చు, అయినా వినండి.

పులిజూదంలో పులి అన్ని దారులూ మూసుకున్నాక రాజీ పడే నియమం ఏ ఊళ్ళోనైనా ఉండేదేమో, తెలిసిన పాఠకులు రాస్తే వచ్చే సంచికలో వేయమని సంపాదకులను కోరుతున్నాం.